బందరు కోట ఇటుకను

నేను ఇటుకను. ఊరికీ సముద్రానికీ మధ్య, బందరు కోటలో కూలగా మిగిలిన గోడలో ఉంటాను. పుట్టింది మాత్రం కృష్ణ ఒండ్రులో. ఎక్కడో సహ్యాద్రిలో బయల్దేరిన నది దారిపొడవునా నేలను కడిగి తెచ్చి ఇక్కడ దించుతుంది. అందులో కొంత పొలమైంది, కొంత మడ అడవైంది, కాస్త నాలా ఆవంలో కాలింది. మిగతాది రేవులో దిగింది. ఈ ఊరి కథంతా ఆ మిగతాదానిదే.

గోల్కొండ కుతుబ్‌షాహీల ఓడరేవు మాది. 1605లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు దిగారు. అందరి కన్నూ మా అద్దకం బట్టల మీదే. తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు ఇచ్చిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. ఆ బట్టకు పర్షియాలో గిరాకీ అంతకుముందు నుంచే ఉంది. ఇంత పేరున్న రేవులో పెద్ద ఓడ ఏనాడూ ఒడ్డు తాకలేదంటే పైవూళ్లవాళ్లు నమ్మరు. సముద్రపు అడుగు మెరక, పైగా బురద. మైళ్ల దూరాన లంగరు వేసుకుని, సరుకును పడవల్లో చేరవేసేవారు.

1750లో ఊరు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. చుట్టూ ఉన్న బురదే కోటకు కాపలా అని వాళ్ల ధీమా. 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ దండు విరుచుకుపడింది. అందులో ఒక జట్టు ఆ బురదలోనే దిగబడుతూ వచ్చింది. తెల్లారేసరికి జెండా మారింది. నాకేం, నేను గోడలోనే ఉన్నాను.

1864 నవంబరు 1 రాత్రి అలా అనుకోలేకపోయాను. ఆ రాత్రి వచ్చింది ఉప్పెన. మైళ్లకొద్దీ పల్లం, నీటికి అడ్డేముంది? సుమారు 30 వేల ప్రాణాలు పోయాయంటారు. పెద్ద వ్యాపారం ఎప్పుడో మద్రాసు దారి పట్టింది. ఆ దెబ్బతో కోటలో పటాలం కూడా నిలవలేదు.

మడచెట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊపిరాడని బురదలోంచి వేళ్లను పైకి పొడిచి గాలి పీల్చుకుంటాయి. వాటి మొదళ్లలో మండపీతలు బొరియలు తవ్వుకుంటాయి. కృష్ణ సముద్రంలో కలిసే వైపు అడవుల్లో బావురుపిల్లి రాత్రిపూట చేపలు పడుతుంది. గిలకలదిండి పడవలు ఈనాటికీ పోటు చూసుకునే మొగలోకి వస్తాయి. పాటులో వస్తే మేట మీద కూర్చోవలసిందే.

2023లో తీరాన కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. కట్టడం ఒక ఎత్తు, పూడిక తీస్తూ ఉండడం ఒక ఎత్తు. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఒండ్రును చాలావరకు పట్టేస్తున్నాయి, కిందికి వచ్చేది తగ్గింది. పోర్టువాళ్లకు అది మంచి కబురే కావచ్చు. డెల్టా అంచును మాత్రం సముద్రం కొన్నిచోట్ల కోసుకుపోతోంది, ఆ అంచునే మడ అడవి ఉంది.