సమోసా ఎక్సైజ్ శాఖ

సమోసా జోలికి మేం రాలేదని, జిలేబీని పల్లెత్తు మాట అనలేదని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 జులైలో వివరణ ఇచ్చుకుంది. తినేదాంట్లో నూనె ఎంతో, పంచదార ఎంతో తెలిసేలా ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో బోర్డులు పెట్టుకోండని జూన్ 21న ఒక ఉత్తరం రాశారట. అంతేనట. బండి మీద అమ్ముకునేవాడి సమోసాకు హెచ్చరిక అంటించమని ఎవరికీ చెప్పలేదట. దేశమంతా హమ్మయ్య అనుకుంది. నేను అనుకోలేదు. నాది ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణ సరిహద్దున ఉన్న చాట్రాయి.

సర్కారువారు దేన్నయినా పట్టుకుని "నిషేధం కాదండీ, అవగాహన" అన్నారంటే మా వైపు జనం ముందుగా చెక్‌పోస్టు ఎక్కడ పెడతారా అని చూస్తారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారి మద్యనిషేధం చూశాం. 1997లో దాన్ని ఎత్తేయడమూ చూశాం. 2019 తర్వాత దశలవారీ నిషేధం అనే కొత్త రకం చూశాం. రేట్లు పెంచితే తాగేవాళ్లు తగ్గుతారన్నారు. తాగేవాళ్లు తగ్గారో లేదో గానీ, మా రోడ్డు మీద అర్ధరాత్రి మోటారుసైకిళ్లు పెరిగాయి. 2014 దాకా వేంసూరు, సత్తుపల్లి మాకు పక్క జిల్లా. ఆ తర్వాత పక్క రాష్ట్రం. పక్క రాష్ట్రంలో అప్పట్లో సీసా చవక. ఇక చెప్పేదేముంది? తనిఖీ ఉన్న ప్రతిచోటా ఒక డొంక దారి, డొంక దారి ఉన్న ప్రతిచోటా దాన్ని ఎరిగిన ఒక కుర్రాడు. ఇంత అనుభవం ఉన్న మండలం ఈ రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి? అది వృథా పోతోందనే నా బాధ.

అందుకని ఆరోగ్యశాఖ వద్దన్నా వినకుండా, సమోసా ఎక్సైజ్ శాఖకు ముసాయిదా నేనే రాసిపెట్టాను. మొదటి విడతగా నూజివీడు ట్రిపుల్ ఐటీలో అమలు చేద్దాం. దానికి కారణముంది. 2008లో పెట్టిన ఆ విద్యాలయంలోకి పదో తరగతి అయిపోగానే పిల్లలొస్తారు. పదిహేను, పదహారేళ్లు. ఎక్కువమంది సర్కారు బడుల్లో చదివిన పల్లెటూరి పిల్లలు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగు, వెరసి ఆరేళ్లు అక్కడే తిండి, అక్కడే నిద్ర. గేటు దాటాలంటే ఔట్‌పాస్ కావాలి. తాగుబోతుల్ని ఇలా ఒకే ప్రహరీ లోపల పెట్టుకునే అదృష్టం ఏ ఎక్సైజ్ మంత్రికీ ఇంతవరకు దక్కలేదు.

2025 జులైలోనే అక్కడ కొత్త బ్యాచ్ దిగింది. మైలవరం రోడ్డు మీద బకెట్లు, మగ్గులు, దోమతెరలు, తాళంకప్పలు, హవాయి చెప్పులు కొనేవాళ్లతో కళకళలాడింది. చిన్న గాంధీబొమ్మ సెంటర్లో సబ్బుపెట్టె దగ్గర్నుంచి బట్టలారేసే తాడు దాకా పట్టీ రాసుకుని తిరిగే తండ్రులు కనిపించారు. ఈ కుటుంబాలకు శాఖ తరఫున ఒక కరపత్రం పంచాలి. ఏది ఎక్కడ దొరుకుతుందో అందులో చెప్పం. ఏది దొరికితే ఏ సెక్షనో చెబుతాం.

ఒకటో నిబంధన, మోతాదు. 2020 సెప్టెంబరులో మన హైకోర్టు ఇతర రాష్ట్రాల నుంచి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని చెప్పింది, గుర్తుందా? మరుసటి నెల ప్రభుత్వం ఆ వెసులుబాటునూ తీసేసింది. అదే పద్ధతిలో ఔట్‌పాస్ మీద బయటికెళ్లిన విద్యార్థి మనిషికి మూడు సమోసాలు తేవచ్చునని మొదట ఉత్తర్వు ఇస్తాం. పిల్లలు ఆ లెక్కకు అలవాటుపడ్డాక రద్దు చేస్తాం. ఉల్లి సమోసాను దేశవాళీగానూ, మొక్కజొన్న సమోసాను విదేశీగానూ పరిగణిస్తాం. మిర్చిబజ్జీ ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చడానికి నిపుణుల కమిటీ వేస్తాం. పునుగులు చిల్లర కాబట్టి తూకం మీద.

రెండోది సరిహద్దు. నూజివీడులో గట్టిగా బిగిస్తే సరుకు సత్తుపల్లి వైపు నుంచి దిగుతుంది, ఇది ఖాయం. మామిడి సీజన్ అయిపోతే ఊరూరా ఖాళీ ట్రేలు పడి ఉంటాయి. ఖాళీ ట్రేల లోడులో, అడుగు వరసలో, గడ్డి కింద వేడివేడి తెలంగాణ జిలేబీ. చాట్రాయి చెక్‌పోస్టులో పట్టుబడితే ఫొటో: మధ్యలో టేబులు, టేబులు మీద దినపత్రిక, పత్రిక మీద 47 జిలేబీలు, వెనక తలలు వంచుకుని ఇద్దరు నిందితులు, వాళ్ల వెనక తలలెత్తుకుని ఎనిమిది మంది సిబ్బంది. సాయంత్రానికి పంచనామా అయ్యేసరికి టేబులు మీద 19 మిగులుతాయి. మిగతావి నమూనాల కింద పరీక్షకు వెళ్లాయని రాసుకుంటారు.

మూడోది గేటు దగ్గర ఊదించడం. ఔటింగుకు వెళ్లొచ్చిన పీయూసీ కుర్రాడు వాచ్‌మన్ ముందు నిలబడి హా అనాలి. ఉల్లిపాయ వాసనొస్తే నోటీసు, అల్లం చట్నీ వాసనొస్తే తండ్రికి ఫోను, రెండూ కలిసి వస్తే కౌన్సెలింగు.

బెల్టుషాపుల మాటెత్తకుండా ఏ ఎక్సైజ్ పథకమూ పూర్తికాదు. హాస్టల్లో మంచం కింద ట్రంకుపెట్టెలో బిస్కెట్లు, చేగోడీలు పెట్టుకుని రాత్రి పదింటికి ఒకటికి రూపాయి లాభం వేసుకుని అమ్మే వ్యాపారి ప్రతి అంతస్తులోనూ ఒకడు ఉంటాడు. వీడి మీద దాడి చేస్తాం. నాటు తయారీ మరీ ప్రమాదం. నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్లో మ్యాగీ వండుతున్న స్థావరాలను గుర్తించి, కెటిళ్లు పగలగొట్టి, నూడుల్స్ ఊటను మోరీలో పారబోసి ధ్వంసం చేస్తాం. మళ్లీ వండం అని గదివాళ్లంతా తహసీల్దారు ఎదుట బైండోవరు రాసిస్తారు.

ఖజానా సంగతి మరిచిపోయాననుకునేరు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీస్తే, తిరిగిరాని 2 లక్షల రుసుము కట్టి దాదాపు 90 వేల దరఖాస్తులు వేశారు జనం. క్యాంపస్ గేటు ఎదుట ఒక్క సమోసా బండికి లాటరీ పెట్టి చూడండి. లెక్క మీరే వేసుకోండి. పేదవాడికి నాణ్యమైన క్వార్టరు 99 రూపాయలకే ఇస్తున్నట్టు, పేద విద్యార్థికి నాణ్యమైన సమోసా 99 రూపాయలకే ఇద్దాం. పక్కనే నూనె బోర్డు పెడదాం. బోర్డు చదివి భయపడి మానేస్తే ఆరోగ్యం, మానకపోతే ఆదాయం. ఎటు పడినా సర్కారుకు నష్టం లేదు.

ముసాయిదా ఇంతవరకు బాగానే నడిచింది. ఆవకాయ దగ్గర ఆగిపోయింది.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. వాళ్ల అబ్బాయికి ఆ కొత్త బ్యాచ్‌లో సీటొచ్చింది. నేను వెళ్లేసరికి ఆవిడ జాడీలోంచి సీసాలోకి ఆవకాయ తీస్తోంది. ముక్క మునిగేదాకా నూనె పోసి, మూతికి గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు వేసి, రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పి, అప్పుడు మూత పెట్టింది. ఆ సీసాను దుప్పటి మడతల మధ్యకు తోసింది. పక్కనే ఉన్న మార్కుల మెమో జిరాక్సు మీద అప్పటికే ఎర్రటి చుక్క ఒకటి పడింది.

"ఏంరా అబ్బాయ్, టీవీలో నూనె గురించి ఏదో చెబుతున్నారు. ఈ సీసా లోపలికి రానిస్తారంటావా?" అంది.

"ఎంత నూనె పోశావు పిన్నీ?"

"ముక్క మునగాలి కదరా. లేకపోతే బూజు పట్టదూ?"

"బోర్డు లెక్క ప్రకారం నువ్వు హోల్‌సేల్ డీలరువి పిన్నీ."

ఆవిడ నవ్వలేదు. "వెటకారం తర్వాత. లోపల వాడికి అన్నం సరిగ్గా పెడతారా? అది చెప్పు. కూర బాగోకపోతే వాడు నోరు తెరిచి అడిగే రకం కాదు. ఇదుంటే రెండు ముద్దలన్నా తింటాడని పెడుతున్నా" అంది.

దానికి నా ముసాయిదాలో సెక్షన్ లేదు.

2024 జులైలో యూజీసీ కూడా ఇలాగే ఒక ఉత్తరం రాసింది. విద్యాసంస్థల క్యాంటీన్లలో అనారోగ్యకరమైన తిండి అమ్మొద్దని. 2016లో ఒకసారి, 2018లో ఒకసారి రాసిందే మళ్లీ రాసింది. మంచి ఉత్తరమే. పిల్లలు నూనె సరుకు తగ్గిస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? ఆ ఉత్తరానికి నెలన్నర నిండిందో లేదో, ఆగస్టు నెలాఖరులో నూజివీడు ట్రిపుల్ ఐటీలో వందల మంది పిల్లలు వాంతులు, విరేచనాలు, జ్వరాలతో మంచమెక్కారు. వాళ్లు గేటు దాటి బజ్జీల బండి దగ్గరికి పోయినవాళ్లు కారు. లోపల పెట్టింది తిని, లోపలి నీళ్లు తాగి, లోపలే ఉన్నవాళ్లు. తిండి బాగోలేదని మొత్తుకుంటున్నవాళ్లు. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో, బాసర ట్రిపుల్ ఐటీలో భోజనం చేసి వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. దానికి ముందు నెలలోనే అక్కడి పిల్లలు వారం రోజులు ఎండనక వాననక బైఠాయించారు. వాళ్ల కోరికల పట్టీలో మెస్ కూడా ఉంది. అడిగి నెల తిరిగేసరికి అదే మెస్ తిండి తిని ఆస్పత్రికి పోయారు.

ఇప్పుడు చెప్పండి, బోర్డు ఎక్కడ పెట్టాలి? సమోసాలో ఎంత నూనె ఉందో పదిహేనేళ్ల పిల్లాడికి చెప్పి, వాడు రోజుకు మూడు పూటలా తినే అన్నం సంగతి చెప్పకపోవడం ఏ రకం ఆరోగ్యం? ఇష్టమైతే కొనుక్కునేది, లేకపోతే మానేసేది సమోసా. మెస్ అన్నం మానేస్తే పిల్లాడు పస్తుండాలి. తాళం వేసిన ప్రహరీ లోపల పెట్టి, బయటి తిండి పోనివ్వకుండా, లోపలి తిండికి పూచీ పడకుండా ఉంటే దాన్ని హాస్టల్ అంటారా? ఈ పిల్లల వెనక లాయర్లు లేరు, పలుకుబడి లేదు. పదో తరగతి మార్కులొక్కటే వాళ్ల సిఫార్సు. అందుకే గదా, వాంతులైతే గ్లూకోజు పెట్టించి, కమిటీ వేసి, పత్రికల్లో వార్త చల్లారగానే ఫైలు చల్లారనిచ్చేది!

బోర్డు ఒకచోట, సరుకు ఒకచోట ఉండటం మాకు కొత్తేం కాదు. నూజివీడు అని బోర్డున్న రైల్వేస్టేషను హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంటుంది. కానీ పిల్లల తిండి విషయంలో ఆ వేళాకోళం కుదరదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం బండి మీద పునుగులు వేసేవాడికి ఎంత వర్తిస్తుందో, వేల మందికి వండే మెస్ కాంట్రాక్టరుకూ అంతే వర్తిస్తుంది. బోర్డు పెట్టాలనుకుంటే మెస్ గుమ్మం మీద పెట్టండి. కాంట్రాక్టు ఎవరిది, లైసెన్సు నంబరెంత, నీళ్ల ట్యాంకు ఏ తారీఖున కడిగారు, బియ్యం ఏ నెలలో దించారు, ఫుడ్ సేఫ్టీ అధికారి ఆఖరిసారి ఎప్పుడొచ్చి ఏం రాసిపోయారు. 2024 ఆగస్టు ఘటన విచారణలో ఏం తేలిందో, ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో అదీ రాయండి. స్థలం మిగిలితే అప్పుడు సమోసా బొమ్మ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పిల్లల్ని అక్కడ దించి వచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. బకెట్టు, దోమతెర కొన్నాక తిరుగు బస్సు ఎక్కేయకండి. వంటగది చూపించమని అడగండి. చూపించం అంటే గొడవపడొద్దు, కాగితం మీద అడగండి. అది ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం, దానికి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.