సూర్యుడికీ టికెట్టే!

వీసా లేకుండా 30 రోజులు ఉండిపొమ్మని 2023 డిసెంబరులో మలేసియా తలుపు తీసింది. మనవాళ్లు లంకావి దీవిలో దిగారు. దిగగానే ధర్మసందేహం: పొద్దు గుంకడం చూపించే పడవ ఎక్కాలా, వద్దా?

ఎక్కితే భోజనం, ‘ఫ్రీ’ మందు (1987 నుంచి ఆ దీవిలో సుంకం లేదు, మందు ఒడ్డునే చవక). కొన్ని పడవల్లో అయితే వెనక వల కట్టి, జనాన్ని అందులో వేసి సముద్రంలో ఈడుస్తారు. పేరు ఉప్పునీటి జాకుజీ. చేపలు ఉచితంగా పడే వల్లో డబ్బు కట్టి పడటమన్నమాట! ఇవన్నీ అయ్యాక తీరికుంటే సూర్యుడు.

ఆయనేమో అదే వేళకు పాంతాయ్ చెనాంగ్ బీచి ఇసకలో చతికిలబడ్డవాళ్లకూ కనిపిస్తాడు, పైసా అడగడు. భూమధ్యరేఖ దగ్గర కదా, దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు; సెల్ఫీకి జుట్టు సర్దుకునేలోపే ఖాళీ. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో వెళ్తే టికెట్టు మబ్బుకు కొన్నట్టే. దీవుల మధ్య తిరగాలనుంటే ఎక్కండి, సూర్యుడి కోసమైతే చాప చాలు.

మన బాధా న్యాయమైనదే లెండి. మన తీరం తూర్పుముఖం, విశాఖ సముద్రంలో పొద్దు గుంకదు. పొడుస్తుంది మాత్రం రోజూ. దానికి టికెట్టు లేదు, అందుకే ఎవరూ నిద్ర లేవరు. పర్యాటక శాఖ వారు ఆర్కే బీచిలో తెల్లవారుజామున తలకో మూడు వేలు పెట్టి చూడండి. రికమండేషన్ ఉత్తరాలతో వస్తాం.