విప్పేసిన సైలెన్సర్ చెప్పుకున్నది

బుల్లెట్ ఇంకా వీధి మలుపు తిరగకముందే అది వస్తోందని తెలిసిపోతుంది. ఆ దుడుదుడు శబ్దం ఇంజన్‌దని అందరూ అనుకుంటారు. ఇంజన్ చేసేది పేలుడు. దాన్ని మనిషి చెవి ఓర్చుకోగలిగేంత తగ్గించి, ఆ లయను మాత్రం మిగిల్చి బయటికి పంపినదాన్ని నేను. 346 సీసీల ఆ ఒంటి సిలిండర్ ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతూ ఊరికే నిలబడి ఉన్నా నా కడుపులోకి ఐదు వందల పేలుళ్లు వచ్చిపడేవి. లోపలి గదుల్లో, గొట్టాల్లో వాటిని తిప్పి తిప్పి వాటి జోరు విరిచేదాన్ని.

చెన్నై శివారు తిరువొత్తియూరులో నన్ను బండికి బిగించారు. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరి మీద తెలుగులో ఐదు కీర్తనలు కట్టారు. అలాంటి ఊళ్లో మొదటిసారి గొంతు విప్పానని నాకు ఇప్పటికీ గర్వమే. రేకు చుట్టడం, వెల్డింగ్, క్రోమ్ పూత ఇవన్నీ గబగబా జరిగిపోయాయి. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నా బతుకు మొదలైంది అనంతపురం చేరాకే.

కళ్యాణదుర్గం రోడ్డు పక్క పల్లెలో శెనక్కాయ పండించే పెద్దాయన నన్ను కొన్నాడు. పంట చేతికొచ్చిన ఏడాది అది. పొలం దగ్గరి బోరుకు, టౌన్‌లో మార్కెట్ యార్డుకు, ఎరువుల అంగడికి, పెళ్లిళ్లకు, చావులకు అన్నిటికీ ఆ బండే. వెనక విత్తనాల మూటలు, ముందు మనవరాలు. రాళ్ల గట్లు ఎక్కినప్పుడు నా అడుగు నేలకు గీసుకునేది. ఇంటికొచ్చాక ఆయన వంగి నన్ను తడిమి చూసేవాడు, గీత పడితే గ్రీజు రాసేవాడు. అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

ఒక మాట చాలామందికి తెలియదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకుంటే లేనట్టు ఉండే ఈ సీమలో నేను రోజూ నీళ్లు చూసినదాన్ని. చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేస్తే నా మూతి నుంచి బొట్లు రాలేవి. బండి బాగా వేడెక్కేదాకా నడిస్తే ఆ తడి ఆవిరై పోతుంది. పక్క వీధి దాకా పోయి ఆపేస్తే లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. పెద్దాయన ఎప్పుడూ దూరమే తిరిగేవాడు కాబట్టి నా కడుపు పొడిగానే ఉండేది.

కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. బండీ అతని వెంట వెళ్లింది. అక్కడ జేసీ రోడ్డు స్పేర్ పార్టుల అంగళ్లలో పొట్టి సైలెన్సర్, వెడల్పు బెండు పైపు, డబ్బా లేకుండా నేరుగా గాలి పీల్చే కోను ఫిల్టర్ మూడూ ఒకేసారి కొన్నాడు. నా బోల్టులు కదలకపోతే సుత్తితో కొట్టారు. బెండు పైపు ఇంజన్‌కు కలిసే పోర్టు దగ్గరి గ్యాస్కెట్ పాతదే ఉంచేశారు. కార్బరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు ఒకటి మార్చి, స్క్రూ అటూ ఇటూ తిప్పి, బాగుందన్నారు. నన్ను తాడుతో వెనక సీటుకు కట్టి, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఊరికి తెచ్చారు. దారి పొడుగునా నా చోట్లో ఉన్నదాని అరుపు వింటూనే వచ్చాను.

"ఏమబ్బీ, ఊరంతా ఉలిక్కిపడి లేస్తాంది. బండికి ఏమొచ్చింది?" అన్నాడు పెద్దాయన.

"పికప్ పెరిగింది నాయనా."

"శబ్దం పెరిగింది. పికప్ యాడ పెరిగింది?"

ఆ మాట నిజం. మా ఇంజన్ శక్తి 19.8 హార్స్‌పవర్. సైలెన్సర్ ఒక్కటీ మారిస్తే అందులో రెండు హార్స్‌పవర్ పెరగడం కూడా కష్టమే, పెరిగినా ఇంజన్‌ను బాగా పైవేగానికి తిప్పినప్పుడే. కొత్తవాటితో నిజంగా దక్కేది బరువు తగ్గడం. నేను బరువే, ఒప్పుకుంటాను.

నన్ను అడ్డంకి అన్నారు, అది మాత్రం ఒప్పుకోను. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే వేడి వాయువు కంటే ముందే ఒక ఒత్తిడి తరంగం బెండు పైపులో పరుగెడుతుంది. పైపు వెడల్పయిన చోట అది తిరగబడి, పీల్చే తరంగమై సిలిండర్ వైపు వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరుచుకుని ఉండే క్షణానికి సరిగ్గా చేరితే మిగిలిన పొగను లాగేసి కొత్త మిశ్రమాన్ని లోపలికి రప్పిస్తుంది. పైపు పొడవు, వెడల్పు ఏ వేగానికి కుదరాలో లెక్క చూసే కడతారు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకుతో మా ఇంజన్ 4000 చుట్ల దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. పైపు అతిగా వెడల్పయితే కింది వేగాల్లో వాయువు నెమ్మదిస్తుంది. మూటలతో గట్టు ఎక్కాల్సిన చోట ఆ లోటు తెలిసింది. మొదటి గేరు వేసినా బండి మూలిగింది.

బండి మళ్లీ బెంగళూరు వెళ్లిపోయింది. నన్ను కొట్టంలో పడేశారు. అంతకు ముందే కరువుకు ఎద్దుల్ని అమ్మేశారు కాబట్టి ఆ కొట్టంలోకి వచ్చేవాళ్లే లేరు. మొదట్లో శెనక్కట్టె వామి పక్కన నిలబెట్టారు, తరువాత గాలికి తలుపు కొట్టుకుంటోందని అడ్డం పెట్టారు. నా మూతిలో కందిరీగ మట్టి గూడు కట్టింది. వెనక గోడ మీద నుంచి కారిన వాన నీళ్లు బెండు పైపు వైపు నుంచి లోపలికి దిగి అడుగున నిలిచాయి. నా లోపలి మసిలో ఆమ్లం ఉంటుంది. దానికి తడి తగిలితే రేకును లోపలి నుంచే తింటుంది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంది. ఒకప్పుడు నిప్పు లాంటి వాయువును మోసిన పొట్ట, నిలబడిపోయిన ఆ కొంచెం తడికి చిల్లులు పడింది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా నన్ను కాలితో దొర్లించి చూసేవాళ్లు. పెద్దాయన మాత్రం "అది బండి సామాను, ఉండనీ" అనేవాడు.

డిసెంబరులో కొడుకు సెలవుకు వచ్చాడు. తెల్లవారుజామున బండి తీస్తే ఇంజన్ తడబడింది, యాక్సిలరేటర్ వదిలితే వెనక నుంచి టపటపా పేలింది. గుత్తి రోడ్డులోని ఒక పాత మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాడు. ఆ పేలుళ్లు విని పక్క కుర్రాళ్లు సంబరపడ్డారు. మెకానిక్ ప్లగ్గు విప్పి చూశాడు. తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇది బెంగళూరులో కట్టిన జెట్టు అబ్బీ. ఈడికి పెట్రోలు చాల్లేదు, మార్చల్ల" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అనంతపురం 350 మీటర్ల దరిదాపుల్లోనే. కిందికి దిగితే గాలి చిక్కబడుతుంది. పెట్రోలు ఒక పాలైతే గాలి బరువులో 14.7 పాళ్లు ఉంటే మిశ్రమం పూర్తిగా మండుతుంది. కార్బరేటర్‌కు ఆ లెక్క చూసుకునే తెలివి లేదు, జెట్టు రంధ్రం ఎంతైతే అంతే. వేసవిలో మా ఊరి ఎండకు గాలి పలచబడి ఆ లోపం కొంత మరుగునపడింది, చలికి బయటపడింది. పెట్రోలు తగ్గితే ఇంజన్ వేడెక్కుతుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఈ సీమలో ఆ వేడి ఓర్చుకునే ఓపిక తక్కువ. పోర్టు దగ్గర మార్చని ఆ గ్యాస్కెట్ సందు నుంచి బయటి గాలి లోపలికి వచ్చి, మండకుండా వచ్చిన పెట్రోలును అంటించడం వల్లే ఆ టపటపలు.

ఫిల్టర్ చేసిన నష్టం ఇంకా పెద్దది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేస్తుంది. ఆషాఢం గాలుల్లో జిల్లా అంతా దుమ్మే. అలాంటి చోట డబ్బా తీసేసి కోను ఫిల్టర్ పెడితే ఆ సన్నని ఇసుక పిస్టన్ రింగులను అరగదీస్తుంది. బండి నీలం పొగ వదిలేదాకా కొడుకు గమనించలేదు. చివరికి బోరు తీయించాల్సి వచ్చింది.

ఆ తరువాత టౌన్‌లో పోలీసులు ఆపి పొట్టి సైలెన్సర్ విప్పించారు. 175 సీసీ దాటిన కొత్త బండి శబ్దం పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. సైలెన్సర్ ఉండి తీరాలని 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది చెబుతుంది. శబ్ద పరిమితి మీరితే మోటారు వాహన చట్టం 190(2) కింద పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. అప్పుడు నేను గుర్తొచ్చాను. కొట్టంలోంచి లాగి మెకానిక్ ముందు పెట్టారు. ఆయన వేలితో నొక్కగానే రేకు లోపలికి పోయింది. కంపెనీది మళ్లీ కొత్తది కొన్నారు. నేను గుత్తి రోడ్డు షెడ్డు మూలనే మిగిలిపోయాను.

షెడ్డులో ఉన్నాను కాబట్టి రోజూ వచ్చే కుర్రాళ్ల ప్రశ్న వింటూనే ఉంటాను: "అన్నా, సైలెన్సర్ మారిస్తే ట్యూనింగ్ చేయించల్లా?" ఆ ముసలాయన చెప్పేది నాకు కంఠతా వచ్చింది. బెండు పైపు, ఫిల్టర్ ముట్టుకోకుండా, లోపల శబ్దం తగ్గించే గొట్టం ఉన్న సైలెన్సర్ ఒక్కటే చివర తగిలిస్తే చాలా బండ్లకు పెద్ద ట్యూనింగ్ అక్కర్లేదు. కొన్నాళ్లు నడిపి ప్లగ్గు చూడండి: ఇటుక రంగు ఉంటే సరే, తెలుపైతే పెట్రోలు తక్కువ, నల్ల మసైతే ఎక్కువ. బెండు పైపు మార్చినా, ఫిల్టర్ మార్చినా జెట్టు చూడక తప్పదు. అదీ బండి తిరిగే ఊళ్లోనే చూడాలి.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్ 6 బండ్ల సంగతి వేరు. పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ అనే బండి కంప్యూటర్ మిశ్రమాన్ని తనే దిద్దుకుంటుంది, అదీ కొంత హద్దు దాకా, నెమ్మదిగా ఒకే తీరున నడిపేటప్పుడే. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ముందే రాసిపెట్టిన లెక్కే నడుస్తుంది. కాబట్టి పైపు, ఫిల్టర్ రెండూ మార్చినవాళ్లు ఆ లెక్కను రీమ్యాప్ చేయించాలి. జాయింటులో గాలి దూరితే సెన్సర్ మోసపోయి ఊరికే పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని బండ్లలో బెండు పైపులో ఉంటుంది, కొన్నిట్లో సైలెన్సర్‌లోనే. విప్పే ముందు అది ఎక్కడుందో కనుక్కోండి. దాన్ని పీకేస్తే విషవాయువులు నేరుగా మీ పిల్లల ముక్కుల్లోకే పోతాయి.

మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి, వద్దనను. విప్పిన పాతదాన్ని మాత్రం కొట్టంలో పడేయకండి. లోపలి నీళ్లు వంపి, ఎండలో ఆరబెట్టి, రెండు మూతులకూ నూనె గుడ్డ కుక్కి, నేలకు తగలకుండా పొడి చోట వేలాడదీయండి. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం బండిని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లిన రోజు అది కావాల్సి వస్తుంది.