సరుకు రాలేదు, సంతకం చేరింది

బెంగళూరు నుంచి చిలమత్తూరుకు దారి చెప్పడం చాలా తేలిక. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి ఆంధ్రాలో అడుగు పెడితే కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే ఊరు. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి సంగటి వేళకు ఇంట్లో ఉంటారు. అదే బెంగళూరులో ఒక మిక్సీ జారు బయల్దేరిందనుకోండి, దానికి ఈ దారి పనికిరాదు. కొడికొండ మీదుగానే లారీలో పోతుంది కానీ దిగదు. ముందు పెద్ద ఊళ్లోని హబ్బుకు వెళ్లి, అక్కడి గుట్టలో పడి, ఎవరో ఏరితే బయటపడి, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఈ లోపల ఫోన్లో మెసేజీలు మాత్రం వేళ తప్పకుండా వస్తుంటాయి. బయల్దేరింది, చేరింది, మళ్లీ బయల్దేరింది. పెళ్లిచూపులకు వచ్చే వియ్యంకుల గురించి కూడా ఎవరూ ఇంత సమాచారం ఇవ్వరు.

చివరికి ఒకరోజు పొద్దున్నే ‘అవుట్ ఫర్ డెలివరీ’ అని వస్తుంది. ఆ రోజు ఇంటి పెద్దాయన చేను ముఖం చూడడు. కోడలు పుట్టింటి ప్రయాణం మానుకుంటుంది. మధ్యాహ్నం దాటాక ఫోను మోగుతుంది.

“సార్, మీకు పార్సిల్ వచ్చింది. యాడుండారు?”

“చిలమత్తూరులోనే ఉండా నాయనా. నువ్వు యాడుండావు?”

“హిందూపురంలో సార్. ఒకపారి వచ్చి తీసుకుపోతారా?”

“ఇంటికి తెచ్చిస్తామని దుడ్లు కట్టించుకున్నారు కదప్పా! డోర్ డెలివరీ అన్నారే?”

“డోర్ కాడే ఇస్తాం సార్. మా ఆఫీసు డోరు.”

రానంటే సాయంత్రానికి ఇంకో మెసేజీ దిగుతుంది: ‘కస్టమర్ అందుబాటులో లేరు’. పొద్దుటి నుంచి గడపలో కూర్చున్న మనిషి ఆ ముక్క చదువుకుని, తాను నిజంగానే ఇంట్లో ఉన్నాడో లేడో భార్యను పిలిచి కనుక్కోవలసి వస్తుంది.

తప్పంతా అడ్రసుదేనని కొరియర్ల వాదన. కొంత నిజం లేకపోలేదు. చిలమత్తూరు మండలంలో కోడూరు ఉంది, రైల్వే కోడూరు వేరే ఉంది, కృష్ణా జిల్లాలో ఇంకో కోడూరు ఉంది. ఈ తికమక తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టారు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ ప్రభుత్వాధికారే కాదు, సంస్కృత కవి కూడా. ఆరంకెల్లో ఊరినంతా చెప్పగలగడం కవికి తప్ప మరొకరికి తట్టదు. మొదటి అంకె 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. చిలమత్తూరుకు, బాగేపల్లికి ఈ ఒక్క అంకెలో మాత్రం సరిహద్దు లేదు. ఆ పైన 2022 ఏప్రిల్ 4న చిలమత్తూరు ఉన్న చోటు నుంచి అంగుళం కదలకుండానే అనంతపురం జిల్లా వదిలి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. దరఖాస్తులో పాత జిల్లా రాయాలా కొత్తది రాయాలా అన్నది ఇప్పటికీ ఇంటింటా నడిచే చర్చ.

సరే, అడ్రసు గొడవ కూడా తీరింది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి దేశాన్నంతా దాదాపు నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చాయి. అంటే వాకిట్లో వేపచెట్టు కింది నులకమంచానికి ఒక కోడ్, పశువుల కొట్టానికి ఇంకొకటి. ఇక ఇల్లు దొరకలేదనే మాట ఉండకూడదు. కానీ హిందూపురంలో బండి మీద కూర్చున్న కుర్రాడికి ఇల్లు తెలియక కాదు గదా! ఒక్కో పార్సిల్‌కు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కూలి అతనిది. పట్నంలో ఒకే అపార్ట్‌మెంటులో ఇరవై ఇచ్చేసే పనికీ, లేపాక్షి దాటుకుని వచ్చి ఒక్కటిచ్చి పోయే పనికీ పార్సిల్ రేటు ఒకటే అయితే పెట్రోలు ఎవరు పోస్తారు? ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు. లెక్క వేసినవాడు ఏసీ గదిలో ఉన్నాడు.

అసలు వినోదం మరొకటి: పార్సిల్ అందిందన్న రుజువు.

పూర్వం రిజిస్టరు పోస్టుకు అక్నాలెడ్జిమెంటు కార్డు ఉండేది. పోస్టుమ్యాను అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, పెన్ను తీసి, చూపించిన చోట సంతకం పెట్టించుకునేవాడు. సంతకం రాని అవ్వ వేలిముద్ర వేసేది, పక్కింటాయన సాక్షి. ఆ కార్డు తిరిగి పంపినవాడి చేతికి చేరేది. కోర్టులు కూడా ఈ పద్ధతిని ఎంత నమ్మాయంటే, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన అడ్రసు రాసి, సుంకం కట్టి రిజిస్టరు పోస్టులో వేస్తే, కాదని రుజువయ్యేదాకా అది అందినట్టే లెక్క. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరు పోయింది గానీ, పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసులు ఉన్నాయి, గ్రామీణ డాక్ సేవకులు ఉన్నారు, వాళ్లకు ఊళ్లో ఎవరి ఇల్లెక్కడో కోడ్ చూడకుండానే తెలుసు.

ఇప్పటి రుజువులు మూడు రకాలు. ఒకటి, ఫోను తెర మీద వేలితో గీసే సంతకం. ఎంత చదువుకున్నవాడు గీసినా అది కోడి గీకినట్టే ఉంటుంది కాబట్టి, ఎవరు గీశారన్నది పట్టుకోవడం బ్రహ్మ తరం కాదు. రెండు, ఫొటో. అందులో ఒక పచ్చరంగు గేటు సగం, బండి అద్దం కొంచెం, కుర్రాడి బొటనవేలు నిండుగా, ఓ మూలన అట్టపెట్టె కనిపిస్తాయి. గేటు ఎవరిదని అడిగితే “మీదే కదా సార్” అంటారు. మీ ఇంటికి గేటే లేదని చెబితే “కంప్లైంట్ నమోదు చేశాం, ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు” అంటుంది అవతలి గొంతు. పట్టని ఓపికకు కూడా ధన్యవాదాలు ముందే అందుతాయి.

మూడోది ఓటీపీ. ఇది గట్టి తాళమే, సరుకు చేతికొచ్చాక చెబితే. “ఓటీపీ చెప్పండి సార్, సాయంత్రం అటువైపు వస్తా, తెచ్చిస్తా” అన్నప్పుడు మొహమాటానికి చెప్పేశారో, ఆ క్షణాన కంపెనీ పుస్తకాల్లో పార్సిల్ మీ ఇంట్లో ఉంది. తర్వాత మీరు ఎన్ని చెప్పినా సరుకు దాచుకుని మాట్లాడుతున్నారనే అనుమానమే మిగులుతుంది. ఇక ‘మీ అడ్రసు సరిగా లేదు, ఈ లింకు నొక్కండి’ అని తపాలా శాఖ పేరు పెట్టుకుని వచ్చే దొంగ మెసేజీలది వేరే దందా. నిజం పార్సిల్ కన్నా అవే సూటిగా ఇంటికొస్తున్నాయి.

పోతే నష్టపరిహారం రాదా? తపాలా శాఖకు 1898 నాటి చట్టమే పెద్ద గొడుగు పట్టింది: పోయినా, ఆలస్యమైనా, వేరొకరికి చేరినా, ప్రభుత్వం తానై ఒప్పుకున్నంత వరకే బాధ్యత. 2024 జూన్ 18న అమల్లోకొచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టమూ ఆ గొడుగు మడవలేదు. స్పీడ్ పోస్టులో సరుకు పోతే కట్టిన చార్జీకి రెట్టింపో, వెయ్యి రూపాయలో ఇస్తారు. రెండింట్లో ఏది తక్కువైతే అది. ప్రైవేటు కొరియర్లకు ఆ చట్టం అక్కర్లేదు, రసీదు వెనక చీమతలకాయంత అక్షరాలు చాలు. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: కొరియర్ పత్రంలో వంద డాలర్లకు మించి బాధ్యత లేదని రాసి ఉంది, దాని కింద సంతకం పెట్టారు, కాబట్టి వంద డాలర్లే. లక్షల్లో నష్టపోయామన్న మొర ఆ అక్షరాల ముందు నిలవలేదు.

ఇవన్నీ చూసి చిలమత్తూరు వైపు జనం పాత పద్ధతికే ఓటేస్తారు. బెంగళూరులో బస్సు డ్రైవరన్నను బతిమాలి, సంచి సీటు కింద పెట్టించి, బస్సు నంబరు ఇంటికి ఫోన్లో చెబుతారు. కొడికొండ దగ్గర బస్సు ఆగుతుంది, సంచి దిగుతుంది. రసీదు లేదు, కోడ్ లేదు, రూల్సు ఒప్పుకోవు. ‘అందిందన్నా’ అనే ఒక్క ఫోనే రుజువు. ఆర్టీసీ వాళ్లకూ ఈ సంగతి తెలుసు కాబట్టే 2016 నుంచి సొంతంగా కార్గో నడుపుతున్నారు, బస్టాండుకు పోయి తెచ్చుకునే ఓపిక ఉండాలంతే.

అలాగని ఊరుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కంపెనీ ఢిల్లీలో ఉన్నా, ఫిర్యాదుదారు తానుండే చోటి జిల్లా కమిషన్లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఒక్క చిక్కుంది: అదే చట్టం 65వ సెక్షన్ ప్రకారం నోటీసును కమిషన్ ఆమోదించిన కొరియర్‌లో కూడా పంపొచ్చు. కొరియర్ మీద వేసిన కేసు నోటీసు కొరియర్‌లోనే పోతే అందిందో లేదో ఎవరు చెప్పాలి? పంపేటప్పుడు స్పీడ్ పోస్టు అడగండి. పెట్టె చేతికి రాకముందు ఓటీపీ చెప్పకండి, చెప్పమన్న కాల్‌ను రికార్డు చేయండి, రసీదు పారేయకండి. కమిషన్ దాకా పోయే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.