హైదరాబాదు కొలత, విశాఖ చెమట

మా రోజుల్లో ఏసీ చల్లగాలి పారే డక్టుకి ఇన్సులేషన్ వేసే ముందు గాలిని కొలిచేవాళ్లం. ఒకే చట్రంలో రెండు థర్మామీటర్లు ఉండేవి, ఒకదాని బల్బుకి తడిగుడ్డ. పిడి పట్టుకుని గిరగిరా తిప్పి, రెండు అంకెలూ చార్టులో చూస్తే డ్యూ పాయింట్ తేలేది. అంటే ఎంత చల్లని వస్తువు తగిలితే గాలిలో తేమ నీరై అంటుకుంటుందో ఆ లెక్క. ఇప్పటి కుర్రాళ్లు జేబులోంచి ఫోను తీసి "ఇవాళ 30 డిగ్రీలే సార్" అంటారు. డిగ్రీలు ఎవడిక్కావాలయ్యా, తేమెంతో చెప్పు!

హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుండి తేమ 25 శాతం ఉందనుకోండి, డ్యూ పాయింట్ 16 దగ్గర ఆగుతుంది. విశాఖలో ఆగస్టు సాయంత్రం 30 డిగ్రీలే, కానీ తేమ 80 శాతం. డ్యూ పాయింట్ 26. డక్టులో పారే గాలి 13, 14 డిగ్రీలు. దాని పైతొడుగు అక్కడ 16కి పైన ఉంటే చాలు, ఇక్కడ 26 దాటాలి. ఈ మాట చెబితే, "అక్కడ ఎండలెక్కువ కదండీ, అక్కడ ఆగింది ఇక్కడ ఆగదా?" అంటాడు కాంట్రాక్టరు. అక్కడి డ్రాయింగు, అక్కడి మందమే తెచ్చి సముద్రం ఒడ్డున చుట్టేస్తాడు. మొదటి వర్షాకాలానికే ఫాల్స్ సీలింగ్ మీద పచ్చటి మరకలు. అప్పుడు ప్లంబర్ని పిలుస్తారు, లీకేజీ వెతకమని! కుండ చెమర్చితే లోపలి నీరే బయటికొస్తుంది. డక్టు లోపల నీళ్లెక్కడివి? ఆ నీరంతా బయటి గాలిదే.

అప్పుడు గ్లాస్‌వూల్ చుట్టేవాళ్లం. ఒళ్లంతా దురద, ఇంటికెళ్లినా పోయేది కాదు. చల్లనీళ్ల పైపులకు వేడి తారు పూసి థర్మోకోల్, దాని మీద పాలిథీన్, చికెన్ మెష్, ఆపైన సిమెంటు ప్లాస్టరు. ఇప్పుడు నల్లటి నైట్రైల్ రబ్బరు షీటొచ్చింది. సరుకు మంచిదే, కాదనను. అందులో గాలి గదులు మూసుకుని ఉంటాయి కనుక తేమ అంత తేలిగ్గా దూరదు. గ్లాస్‌వూల్‌కి ఆ గుణం లేదు, పైనున్న అల్యూమినియం ఫాయిలే దానికి రక్ష. ఫాయిల్ చిరిగితే తేమ లోపలికెళ్లి నీరవుతుంది, ఊలు తడిసి బరువెక్కుతుంది, ఇక చలిని ఆపలేదు.

సరుకు మెరుగైంది, చెయ్యే చెడింది. జిగురు ఆరకముందే షీటు అంటిస్తారు, వారానికే అతుకు నోరు తెరుస్తుంది. డక్టు ముక్కలు కలిసే ఫ్లాంజి దగ్గర షీటు తిప్పడం కష్టమని డక్టు రేకు బయటే వదిలేస్తారు. మేం డక్టుని వేలాడదీసే హ్యాంగర్ దగ్గర చెక్క దిమ్మె పెట్టి బరువు దాని మీద మోపేవాళ్లం. వీళ్లు డక్టు బరువంతా ఇన్సులేషన్ మీదే వేస్తారు, అది నలిగి పల్చబడుతుంది. చుక్క మొదలయ్యేది సరిగ్గా అక్కడే. డక్టుని శ్లాబుకి ఆనించి బిగించినా అంతే, గాలి ఆడని చోట తొడుగు ఇంకా చల్లబడుతుంది.

వాడేవాళ్లేమైనా తక్కువా? కల్యాణ మండపం తలుపులు బార్లా తెరిచి, సెంట్రల్ ఏసీ 18లో పెట్టమంటారు. వంటగది ఎగ్జాస్టు లోపలి గాలిని లాగేస్తుంటే, దాని బదులు సముద్రపు గాలి సందుల్లోంచి లోపలికి దూరుతుంది. గ్రిల్లు నుంచి చుక్కలు నేరుగా విస్తట్లోని వడ మీద పడతాయి. మేం పెళ్లివాళ్లు రాకముందే తలుపులు మూసి, గంటో రెండు గంటలో నడిపి, గాలిలో తడి తీసేవాళ్లం. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్ ప్రింటింగ్ ప్రెస్సు కోసం యంత్రం తయారుచేసిందే తేమను అదుపులో పెట్టడానికి. తేమకి కాగితం సాగి రంగులు పక్కకు జరుగుతున్నాయని! మనుషుల చల్లదనం తర్వాతి మాట. ఇళ్ల ఏసీలకు 2020 నుంచి 24 డిగ్రీలే డిఫాల్టుగా ఉండాలని ప్రభుత్వం చెప్పింది. వింటున్నారా? రిమోట్ చేతికి రాగానే కిందికే నొక్కుతారు.

విశాఖలోనో కాకినాడలోనో ఏసీ హాలు కట్టేవాళ్లు ఒక్క పని చేయండి. ఫాల్స్ సీలింగ్ మూయకముందే టార్చి పట్టుకుని నిచ్చెనెక్కండి. ప్రతి అతుకూ, ప్రతి హ్యాంగరూ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా రేకు చేతికి తగిలితే ఆఖరి బిల్లు ఆపేయండి.