నేను ఇటిక్యాల సెలూన్ అద్దాన్ని

కరిగించిన ఇసుక నా ఒళ్లు, వెనక పూసిన పల్చటి పూత నా చూపు. కర్నూలులో కొని, గోనెపట్టాలో చుట్టి, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని మా యజమాని నన్ను ఇటిక్యాల తెచ్చాడు. అప్పటికి మాది మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చాం. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మా నడిగడ్డ. సీడు పత్తి రైతులు, ఎర్రవల్లి చౌరస్తాలో హైదరాబాద్ బస్సెక్కే కుర్రాళ్లు, పెళ్లికొడుకులు, తండ్రి దినానికి గుండు గీయించుకునే కొడుకులు అందరూ నా ముందు కూర్చున్నవాళ్లే. ఆడవాళ్ల మొహాలు మాత్రం నేను చూడలేదు. నిమ్మళంగా కూర్చుని ఒకరితో మనసు చెప్పుకునే కుర్చీ వాళ్లకు ఊళ్లో ఎక్కడుందో నాకు తెలియదు. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

కుర్చీలో కూర్చోగానే ప్రతి మనిషీ మొహం సర్దుకుంటాడు. మెడ నిలబెడతాడు, నుదురు సాపు చేసుకుంటాడు. మావాడు నురగ పూసి, తల వెనక్కి వాల్చి "కదలకు మామా" అన్నాక కుర్చీలోని మనిషి కళ్లు మూస్తాడు. అప్పుడు ఆ సర్దుబాటంతా జారిపోతుంది. బాధలో ఉన్నవాడికి కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి, నుదురు నడుమ ముడత పడుతుంది. 1872లో చార్లెస్ డార్విన్ ఈ కదలిక తెచ్చే కండరాల గురించి ప్రత్యేకంగా రాశాడు. కావాలని వాటిని కదిలించడం చాలామందికి చేతకాదు.

ఈ సంగతి సెలవులకొచ్చిన సైకాలజీ విద్యార్థి ఒకడు బెంచీ మీద కూర్చుని మావాడికి చదివి వినిపించాడు. నవ్వు గురించీ చెప్పాడు. పెదవులు సాగదీసే కండరం మన మాట వింటుందని, కంటి చుట్టూ ఉన్నది మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని 1862లో ఫ్రాన్సు వైద్యుడు డుషెన్ రాశాడట. అందులో కొంత నిజముంది. కానీ కళ్లతో సహా నవ్వు నటించగలిగేవాళ్లూ ఉన్నారని తర్వాత తేలింది. అమెరికా శాస్త్రవేత్త పాల్ ఎక్‌మన్ 1960ల చివర్లో పాపువా న్యూగినీ కొండల్లోని ఫోరే జాతివాళ్లకు ఫొటోలు చూపించి, కోపం, భయం, ఏవగింపు, సంతోషం, దుఃఖం, ఆశ్చర్యం అన్ని జాతుల్లోనూ ఒకేలా కనిపిస్తాయన్నాడు. 2019లో లిసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఎన్నో తిరగేసి, మొహం ఒక్కటే చూసి మనసు చెప్పలేమన్నారు.

నా ఓటు బారెట్‌కే. వీధి భాగోతం ఆడే ఒకాయన వేషానికి ముందు నా ఎదుట రౌద్రం, శోకం, భయం సాధన చేసేవాడు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో ఏది పట్టుకున్నా చివరి వరసలో కూర్చున్నవాడికీ తెలిసిపోయేది. మామూలు మనుషులు అంత తేటగా ఏడవరు, అంత తేటగా నవ్వరు.

ఒక పెద్దాయన మొహంలో ఏ కదలికా లేకుండా పోయింది. భార్య పోయాక రాయైపోయాడన్నారు, కొడుకుల మీద అలిగాడన్నారు. గడ్డం గీస్తూ మావాడు గమనించాడు: రెప్పలు అరుదుగా పడుతున్నాయి, ఒళ్లో పెట్టుకున్న చెయ్యి ఊరకే వణుకుతోంది. కొడుకుని పిలిచి చెప్పాడు. కర్నూలు తీసుకెళితే పార్కిన్సన్స్ అని తేలింది. ఆ జబ్బులో మొహం కండరాలు బిగుసుకుపోతాయి. లోపల దుఃఖమూ ఉంది, ప్రేమా ఉంది. మొహం దాకా రావడం లేదంతే.

ఇంకొకాయన దానికి పూర్తిగా ఎదురు. సీడు పత్తి రైతు. సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడి పూసి, ఒక్కో పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయించినవాడు. విత్తనం శుద్ధత పరీక్షలో ఫెయిలైందంటే సీడు ధర రాదు, తెచ్చిన అడ్వాన్సుకు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆయనది ఫెయిలైంది. అయినా షాపంతా నవ్వించేవాడు. ఆ నవ్వు చూసి నేనేమీ కనిపెట్టలేను. మావాడికి అనుమానం వచ్చింది వేరే సంగతుల వల్ల: వారం వారం వచ్చే మనిషి గడ్డం మాసినా రావడం లేదు, బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా వదులైంది, కళ్ల కింద నలుపు దిగింది. జనం పోయేదాకా కత్తెర పని సాగదీసి మెల్లగా అడిగాడు.

"మామా, నిద్ర పడతలేదా?"

"పడతలేదురా."

"బతకబుద్ధి అయితలేదా?"

చాలాసేపు ఆయన పలకలేదు. తర్వాత తల ఊపాడు. మావాడు షట్టర్ సగం దించి పక్కన కూర్చున్నాడు, చెప్పేదంతా విన్నాడు, ఇంటిదాకా వెంట వెళ్లాడు. ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి, మర్నాడు డాక్టరు దగ్గరికి తోడుగా పోయాడు. ఆయన ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. అప్పు ఇంకా తీరలేదు. కటింగ్‌కు మాత్రం వేళకు వస్తున్నాడు.

అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదు. అడిగితేనే మనిషి లోపలి బరువు బయటపడుతుంది.

మీ ఇంట్లోవాళ్ల మామూలు మొహం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అది మారిందనిపిస్తే, నిద్ర, తిండి, మాట తగ్గితే, నవ్వుతున్నారు కదా అని ఊరుకోకండి. పక్కన కూర్చుని అడగండి. ఎవరితో చెప్పాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.