రిస్టోర్‌కాన్ దొరవారికి కాడుగోడి నుంచి బహిరంగ మహజరు

మహారాజశ్రీ రిస్టోర్‌కాన్ దొరవారి సముఖమునకు,
లేబుళ్ల పునరుద్ధరణ శాఖ, సెలైనక్స్ కచేరీ, రూట్ డైరెక్టరీ.

విషయం: అడక్కుండా చెరిపేసిన లేబుళ్లు, అడిగినా ముట్టుకోని లేబుళ్ల గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. మేమిక్కడ 403తో ఉన్నాము.

సంగతేమంటే, మా ఆఫీసు కుర్రాడొకడు వెబ్‌సైట్ ఫోల్డర్‌ని తన హోమ్ డైరెక్టరీలో తయారుచేసుకుని, ఎంవీ కొట్టి, వార్ కింద ఉన్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలోకి తరలించాడు. పేజీ తెరిస్తే ‘403 ఫర్బిడెన్’. ఓనర్ సరిగ్గానే ఉన్నాడు, పర్మిషన్లు సరిగ్గానే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరక ఛ్‌మాడ్ 777 కొట్టాడు. అపాచీ ససేమిరా అంది. అప్పుడు ఎల్ఎస్ మైనస్ జెడ్ కొట్టి చూస్తే అసలు గుట్టు తెలిసింది. ప్రతి ఫైలు మీదా యూజర్_హోమ్_టీ అని లేబుల్. మదనపల్లె నుంచి వచ్చి కాడుగోడి పీజీలో రెండేళ్లుగా ఉంటున్నవాడి ఆధార్‌లో ఇంకా మదనపల్లె అడ్రసే ఉన్నట్టు. ఎంవీ కొడితే ఫైలు పాత లేబుల్‌ని వెంటబెట్టుకునే వస్తుంది. సీపీ కొట్టి ఉంటే కొత్త కాపీ చేరిన చోటి లేబుల్ తీసుకునేది, ఈ మహజరు రాసే అవసరమే వచ్చేది కాదు.

ఇక్కడ తమరి కచేరీ పద్ధతిని మెచ్చుకోకుండా ఉండలేను. ఫైలు ఓనర్ ‘నాది, అందరూ చదువుకోండి’ అన్నంత మాత్రాన సరిపోదు. హెచ్‌టీటీపీడీ_టీ అనే లేబుల్ ఉన్న అపాచీ ప్రాసెస్, యూజర్_హోమ్_టీ అనే లేబుల్ ఉన్న ఫైలుని చదవవచ్చని పాలసీలో ఉండాలి. లేకపోతే లేదు. రూట్ వచ్చి బతిమాలినా లేదు. కాదన్నప్పుడు మామూలుగా ఆడిట్ లాగ్‌లో ‘డినైడ్’ అంటూ ఎవరు, దేన్ని, ఏం చేయబోయారో ఒక వరుస పడుతుంది. మా కుర్రాళ్లు ఆ ఒక్క వరుసా చదవరు. నేరుగా ‘బ్రో, సెట్‌ఎన్‌ఫోర్స్ జీరో కొట్టేయ్’ అంటారు. ఈ సలహాకి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఫోల్డర్ లేబుల్ తప్పయితే మొత్తం కచేరీకే సెలవిచ్చేస్తారా?

తమరి వంశచరిత్ర కూడా వాళ్లకి తెలియదు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో సెలైనక్స్ సోర్స్‌కోడ్‌ని బయటపెట్టింది. 2003లో అది లినక్స్ 2.6 కెర్నెల్‌లో కలిసింది. గూఢచారులు రాసిన కోడ్ కదా అని అనుమానించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కోడ్ బజార్లో పరిచే ఉంది, చదువుకోవచ్చు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలోనూ పూర్తిగా తమరి చట్టమే. హోప్‌ఫార్మ్ సిగ్నల్ దగ్గర ఆటో అన్న ఫోన్ ఆన్ చేస్తే, అందులో ఇనిట్ లేచి రిస్టోర్‌కాన్ పని కూడా చూస్తుంది. ఆయనకి తమరి పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2019 ఫిబ్రవరిలో, కంటైనర్లని నడిపే రన్‌సీలో ఒక లోపం బయటపడింది. కంటైనర్ లోపలున్నవాడు హోస్ట్ మీదున్న రన్‌సీ ప్రోగ్రామ్‌నే తిరగరాసి మొత్తం మెషీన్‌ని పట్టేసుకోగల లోపమది. సెలైనక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్న రెడ్‌హ్యాట్ మెషీన్లలో ఆ ఆట సాగలేదు. కంటైనర్_టీకి ఆ ఫైలు మీద రాసే హక్కు పాలసీలో లేదు, అంతే. సెట్‌ఎన్‌ఫోర్స్ జీరో బ్రోకి ఈ కథ చెబితే, ‘మనం డాకర్ వాడం కదా’ అన్నాడు. వాడుతున్నాం.

సరే, పొగడ్తలు ముగిశాయి. ఇక ఫిర్యాదులు.

మొదటిది, తమరి మౌనం. మైనస్ ఆర్ ఇస్తే డైరెక్టరీ మొత్తం తిరిగి, వేల లేబుళ్లు మార్చి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోతారు. మైనస్ వీ అని ప్రత్యేకంగా వేడుకుంటే తప్ప, ఫలానా ఫైలు ఆ టైపు నుంచి ఈ టైపుకి మారిందని చెప్పరు. సర్కారు కచేరీల్లో కూడా ఈ మధ్య ఎస్సెమ్మెస్ వస్తోంది దొరా.

రెండోది కాస్త పెద్దది. నాకు ముందున్న అడ్మిన్, రూట్ కిందే డేటా అనే డైరెక్టరీ పెట్టి, జనం అప్‌లోడ్ చేసే ఫొటోలన్నీ అందులో పోయించాడు. అపాచీ రాయలేకపోతే ఛ్‌కాన్ కొట్టి హెచ్‌టీటీపీడీ_సిస్_ఆర్‌డబ్ల్యూ_కంటెంట్_టీ అని లేబుల్ వేశాడు. పనైపోయింది, ఆయనా ఉద్యోగం మారిపోయాడు. చాలాకాలం ఎవరికీ నొప్పి లేదు. ఒక రాత్రి వేరే పని మీద మెషీన్‌కి ఆటోరీలేబుల్ (బూట్‌లో లేబుళ్లన్నీ తిరిగి వేయించడం) పెట్టాం. తమరు దయచేసి, ఏ దారికి ఏ లేబులో రాసి ఉండే ఫైల్_కాంటెక్స్ట్స్ పుస్తకం తెరిచి, అందులో ‘డేటా’ అనే దారి కనబడక, మొత్తాన్నీ డిఫాల్ట్_టీ చేసి పెట్టారు. తెల్లారి అప్‌లోడ్లన్నీ ఆగిపోయాయి. ఫోన్లు నాకు వచ్చాయి.

తప్పు తమరిది కాదని నాకు తెలుసు. డిఫాల్ట్ అంటే నిన్నటిదాకా ఉన్నది కాదు, పుస్తకంలో ఉన్నది. ఛ్‌కాన్ పెన్సిల్ రాతని పుస్తకం ఒప్పుకోదు. సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ కొట్టి, ఫలానా దారికి ఫలానా టైపు అని ఫైల్_కాంటెక్స్ట్స్.లోకల్‌లోకి ఎక్కించాలి, ఆ తర్వాత తమర్ని పిలవాలి. మొదటిది చేసి రెండోది మరిచిపోతే, రూల్ పుస్తకంలో ఉంటుంది, డిస్క్ మీద లేబుల్ మాత్రం పాతదే. ఈ రెండు మెట్లూ చెప్పేవాళ్లు తక్కువ. అమీర్‌పేట కోచింగుల్లో ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకి చదివినవాళ్లకి రూట్ పాస్‌వర్డ్ మార్చే మంత్రం మాత్రం కంఠతా వచ్చు: బూట్ ఆపు, పాస్‌వర్డ్ మార్చు, టచ్ స్లాష్ డాట్ ఆటోరీలేబుల్. ఆ చివరి ముక్క ఎందుకని అడిగితే ‘సార్ అలా చెప్పారు’ అంటారు. ఆ సమయంలో పాలసీ లోడవదు, కొత్తగా రాసిన షాడో ఫైలుకి సరైన లేబుల్ ఉండదు, లేబుల్ లేని షాడోని లాగిన్ చదవలేదు, పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా లోపలికి రానివ్వదు. పరీక్ష సిలబస్‌లో ‘డిఫాల్ట్ ఫైల్ కాంటెక్స్ట్‌లని పునరుద్ధరించడం’ అని విడిగానే ఉంది. చదివేవాడేడీ?

మూడోది, పక్షపాతం. కస్టమైజబుల్ టైప్స్ అని ఒక జాబితా పెట్టుకుని, కంటైనర్_ఫైల్_టీ లాంటి వాటిని మైనస్ ఎఫ్ ఇస్తే తప్ప తాకరు. ఎవరో కావాలని పెట్టి ఉంటారన్న మర్యాద కాబోలు. మా పాత అడ్మిన్ కూడా కావాలనే పెట్టాడు దొరా, ఆయన పేరు జాబితాలో లేదంతే.

ఇక మా ఊరి లేబుల్ గురించి విన్నపం ఒకటి. 2023 మార్చిలో మెట్రో పర్పుల్ లైన్ ఇక్కడిదాకా వచ్చింది. చివరి స్టేషన్ పేరులో వైట్‌ఫీల్డ్ ముందు, కాడుగోడి బ్రాకెట్లో. రైల్వేవాళ్లు ఆ బ్రాకెట్ మర్యాద కూడా పాటించలేదు. స్టేషన్ కాడుగోడిలో ఉంది, పేరు వైట్‌ఫీల్డ్. 1882లో ఆంగ్లో ఇండియన్ల కోసం పుట్టిన ఊరు వైట్‌ఫీల్డ్. కాడుగోడిలో చోళుల కాలం నాటి శాసనం ఉంది. పుట్టపర్తి నుంచి బృందావన్ ఆశ్రమానికి వచ్చే మా పెద్దవాళ్లు ‘కాడుగోడి’ అనే అంటారు. టికెట్ తీసేటప్పుడు మాత్రం వైట్‌ఫీల్డ్ అని వెతుక్కోవాలి. ఇక్కడికొచ్చి మైనస్ ఆర్ కొట్టి పొమ్మని అడగాలనే ఉంది. కానీ తమరు ఏ పుస్తకం తెరుస్తారో, మెట్రోదా, రైల్వేదా, శాసనందా, ముందు తెలియాలి. మైనస్ ఎన్ మైనస్ వీతో ఒకసారి ఉత్తుత్తిగా నడిపి, ఏమేం మారుస్తారో జాబితా పంపితే చదువుకుని చెబుతాం.

వచ్చే శనివారం రాత్రి మా పెద్ద సర్వర్‌కి మళ్లీ ఆటోరీలేబుల్ ఉంది. డేటా డైరెక్టరీకి ఈసారి పుస్తకంలో రూల్ రాయించాను. తీరిగ్గా రండి.

ఇట్లు,
తమ విధేయుడు,
అన్‌కన్‌ఫైన్డ్_యూ : అన్‌కన్‌ఫైన్డ్_ఆర్ : అన్‌కన్‌ఫైన్డ్_టీ
(ఐడీ మైనస్ జెడ్ కొడితే ఇలాగే మొదలవుతోంది. మా మేనేజర్‌కి చూపించకండి.)